అరవై ఏడో కుర్చీ

పొద్దున ఆరింటికి యూనివర్సిటీ లైబ్రరీ కిటికీల దగ్గర జరిగే భాగోతం చూడటానికి రెండు కళ్లూ చాలవు. తలుపు తీసేది ఎనిమిదింటికి. అయినా తలుపుతో పనేముంది? కిటికీలకి ఊచలున్నాయి, పిల్లల జేబుల్లో కర్చీఫులున్నాయి. చిలకలూరిపేట బస్సు ప్లాట్‌ఫారం మీద ఆగకముందే కిటికీలోంచి కర్చీఫు వేసి సీటు పట్టిన జాతి మనది. ఆ విద్య చదువుల దగ్గర మాత్రం ఎందుకు ఊరుకుంటుంది? కొంచెం తడిపి, ముడేసి, ఊచల మధ్య నుంచి విసిరితే మూడో వరస దాకా వెళ్తుంది. శివనాగరాజు అనే ఒక కుర్రాడైతే అయిదో వరసలో గోడ పక్క కుర్చీ మీదకి కూడా గురి తప్పకుండా వేసేవాడు. వేసి, రూముకి పోయి, మళ్లీ పడుకుని, పదకొండింటికి టిఫిన్ చేసి వచ్చేవాడు. అప్పటిదాకా ఆ కర్చీఫే చదువుకునేది.

శివపార్వతికి ఆ గురి లేదు. అదే ఆమె ఖర్మ.

అద్దంకి దగ్గర పల్లెలో కౌలు రైతు కూతురు శివపార్వతి. ఇరవై తొమ్మిదేళ్లు. బీఈడీ చేసింది. టీచరు ఉద్యోగానికి డీఎస్సీ రెండుసార్లు రాసింది. మొదటిసారి రెండు మార్కుల్లో పోయింది, రెండోసారి అర మార్కులో. అర మార్కు! ఆ అర మార్కు గురించి ఎవరైనా సానుభూతి చూపిస్తే కొట్టేట్టు చూసేది. మూడోసారి పరీక్షకి ఇంకా నలభై మూడు రోజులుంది. హాస్టల్ గదిలో ఆరుగురు. ఒకమ్మాయి ఫోన్లో పాటలు, ఇంకొకమ్మాయి కుక్కర్ విజిల్సు, మూడో అమ్మాయి ప్రేమ తగాదాలు. ఆ సంతలో సైకాలజీ పుస్తకం తెరిస్తే అక్షరాలు కూడా చెవులు మూసుకుంటాయి. ఆమెకి కావలసిందల్లా ఒక కుర్చీ. నలభై మూడు రోజులు ఒకే ఒక్క కుర్చీ. దేవుణ్ణి మేడలడిగిందా, మిద్దెలడిగిందా?

లైబ్రరీ రిజిస్టర్లో కుర్చీలు నూట ఇరవై. అందులో ముప్ఫై ఒకటి కాళ్లు విరిగి స్టోర్ రూములో ఒకదాని మీద ఒకటి పడున్నాయి. ఇరవై నాలుగు ఏసీ గదిలో ఉన్నాయి. ఆ గదికి మూడేళ్ల కిందట రిబ్బన్ కత్తిరించారు. కత్తిరించిన రోజు తాళం వేశారు. తాళంచెవి ఉన్న సారు డెప్యుటేషన్ మీద వెళ్లాడు, తాళంచెవి కూడా ఆయన జేబులో డెప్యుటేషన్ మీదే వెళ్లింది. మిగిలినవాటికి ఆరువందల మంది. శివపార్వతి మెట్ల మీద కూర్చుని చదివేది. పావుగంటకొకసారి ఎవరో ఒకరు "కొంచెం జరగమ్మా" అనేవారు. జరిగి జరిగి ఒక రోజు మొదటి అంతస్తు మెట్ల మీద మొదలుపెట్టిన పాఠం సైకిల్ స్టాండ్ దగ్గర పూర్తి చేసింది.

అందుకే ఆమె కళ్లన్నీ అరవై ఏడో కుర్చీ మీద ఉండేవి. కిటికీ పక్క కుర్చీ. పైన తిరిగే ఫ్యాను, పక్కనే పనిచేసే ప్లగ్ పాయింటు. ఆ కుర్చీలో త్రినాథ్ ఉన్నాడు.

త్రినాథ్ పదహారేళ్లుగా అక్కడే ఉన్నాడు. గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్నాడు. నాలుగో ఏడు అతని అరికాళ్ల నుంచి సన్నటి వేళ్లు దిగాయి. ఏడో ఏటికి గచ్చు బీటలిచ్చింది. పత్తిచేను పూడ్చి కట్టిన బిల్డింగది, కింద అంతా నల్లరేగడి, ఆ నేలలో దేన్ని పాతినా పట్టుకోకుండా ఉంటుందా? పదో ఏడు చెవుల వెనక ఆకులేశాయి. ఆ తర్వాత నుంచి ఏటా కార్తీకం దాటేసరికి భుజాల మీద కాయలు పగిలి తెల్లటి పత్తి బయటికొచ్చేది. ఊడ్చే మాబూబీ పొద్దునా సాయంత్రం అతని పాదాల దగ్గర ఒక చెంబు నీళ్లు పోసేది, కాయలు పగిలినప్పుడు పత్తి తీసుకెళ్లి దిండ్లు కుట్టుకునేది. "ఈసారి రెండో తీతకే పల్చబడిందయ్యా, సరిగ్గా తింటున్నావా?" అని అడిగేది. ఏటా స్టాక్ లెక్క చూసేటప్పుడు అసిస్టెంట్ లైబ్రేరియన్ గోపాలకృష్ణ గారు రిజిస్టర్లో రాసుకునేవారు: కుర్చీలు నూట ఇరవై, త్రినాథ్ ఒకటి.

పిల్లలకి అతనితో ఇబ్బంది లేదు సరికదా, ఎంతో ఉపయోగం. పుస్తకం వెతికే ఓపిక ఎవరికుంది? "త్రినాథన్నా, పంచాయతీరాజ్ సవరణ ఎన్నోది?" "డెబ్భై మూడు." "కృష్ణా నదికి ఉపనదులు?" గడగడా చెప్పేవాడు. శివనాగరాజు లాంటివాళ్లు అతన్ని అడిగి అడిగే రెండు పరీక్షలు గట్టెక్కారు. గట్టెక్కినవాళ్లు ఒక స్వీట్ బాక్సు తెచ్చి అతని ముందు పెట్టి వెళ్లిపోయేవాళ్లు. అతను మాత్రం అక్కడే.

ఒక రోజు మధ్యాహ్నం, మెట్ల మీద నుంచి నాలుగోసారి లేపేశాక, శివపార్వతి తిన్నగా గోపాలకృష్ణ గారి టేబుల్ దగ్గరికి వెళ్లింది.

"సార్, నాకొక కుర్చీ కావాలి."

"అందరికీ కావాలమ్మా."

"ఏసీ గది తాళం పగలగొట్టండి."

"గవర్నమెంటు తాళం. పగలగొడితే నా ఉద్యోగం పగులుద్ది."

"పోనీ త్రినాథన్నని లేపండి. పదహారేళ్లయింది. ఇంకెన్నాళ్లు?"

గోపాలకృష్ణ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అతను స్టాక్‌లో ఎక్కాడమ్మా. స్టాక్‌లో ఎక్కినదాన్ని తీసెయ్యాలంటే కమిటీ వెయ్యాలి. కమిటీకి అప్లికేషన్ పెట్టు. జూన్లో కూర్చుంటారు."

"నా పరీక్ష అంతకంటే ముందే సార్!"

"అయితే వచ్చే నోటిఫికేషన్‌కి పనికొస్తుందిలే."

ఆ మాటకి ఆమెకి ఒళ్లు మండిపోయింది. బయటికొచ్చేసరికి ఫోన్ మోగింది. అద్దంకిలో ప్రైవేటు స్కూలు నడిపే ప్రేమదాసు గారు. వారం రోజులుగా ఇదే వరస.

"ఏమ్మా, ఏమాలోచించావు? సోషల్ టీచరు లేక తొమ్మిదో తరగతి గోలగోలగా ఉంది. జీతం పర్లేదు, భోజనం పెడతాం."

"నిన్న ఒక మాట చెప్పారు కదండీ, క్లాసులో టీచరుకి కుర్చీ ఉండదని."

"మా స్కూల్లో ఉండదమ్మా. టీచరు కూర్చుంటే పిల్లలు పడుకుంటారు. స్టాఫ్ రూములో కూడా బల్లలే, కుర్చీల్లేవు. నిలబడే చెప్పాలి, నిలబడే దిద్దాలి."

"ఇక్కడా కుర్చీ లేదు, అక్కడా కుర్చీ లేదు. నా జాతకంలోనే కుర్చీ రాయలేదా ఏంటండీ?" అని ఫోన్ పెట్టేసింది. పాపం ఆయన తప్పేం లేదు. కానీ కోపం వచ్చినప్పుడు ఎదురుగా ఉన్నవాళ్లే తింటారు కదా తిట్లు.

కోపం దిగకముందే త్రినాథ్ దగ్గరికి వెళ్లింది. దులిపేద్దామనే వెళ్లింది. అతను ఏదో కాగితం ముందు పెట్టుకుని చూస్తున్నాడు, కళ్లు తడిగా ఉన్నాయి.

"ఏంటన్నా అది?"

"హాల్ టికెట్టమ్మా. గ్రూప్ టూ. ఎల్లుండి ఆదివారం, గుంటూర్లోనే సెంటరు. శివనాగరాజు ప్రింట్ తీసిచ్చాడు." అంటూ సొరుగులోంచి ఇంకో నాలుగు తీసి చూపించాడు. రంగు వెలిసిపోయిన పాత హాల్ టికెట్లు. ఒకదాంట్లో ఫొటోలో ఒక్క తెల్ల వెంట్రుక కూడా లేదు.

"ఇవన్నీ రాశావా?"

"ఎక్కడమ్మా? ఒకటి ఒంగోలు పడింది, రెండు విజయవాడ, ఒకటి నరసరావుపేట. ఎలా వెళ్తాను?" కాళ్లవైపు చూపించాడు.

శివపార్వతి ఆ నాలుగింటినీ ఒక్కొక్కటే తిప్పి చూసింది. ప్రపంచంలో ఉన్న ప్రశ్నలన్నిటికీ జవాబు తెలిసిన మనిషి ఒక్క పరీక్షా రాయలేదు! పరీక్ష కోసం కూర్చుని కూర్చుని, ఆ కూర్చున్నందువల్లే పరీక్షకి పోలేకపోయాడు. అతని దగ్గర జవాబులు తీసుకుని పోయినవాళ్లలో ఒక్కడికైనా ఈ సంగతి పట్టిందా? తనకే పట్టిందా ఇన్నాళ్లూ? తనూ ఆ కుర్చీనే చూసింది కానీ మనిషిని చూడలేదు.

"మళ్లీ రాయచ్చులే అంటావా అన్నా?"

"లేదమ్మా. వచ్చే నెలకి నలభై రెండు దాటుతాయి. ఇదే ఆఖరిది."

"అయితే లెగు!"

"ఇంకా ప్రిపరేషన్ అవలేదమ్మా. పాలిటీ ఒక రివిజన్ మిగిలింది."

అదిగో, ఆ మాటతో ఆమె తిక్క పూర్తిగా నెత్తికెక్కింది. జాలి ఒక పక్క, కుర్చీ మీద ఆశ ఒక పక్క, పదహారేళ్ల తర్వాత కూడా ఇంకో రివిజన్ అనే మనిషి మీద కోపం ఒక పక్క. మూడూ కలిసి ఏం చెయ్యాలో చెప్పేశాయి. ఆమె పత్తి పండే ఇంట్లో పుట్టింది. ఆఖరి తీత అయిపోయాక చేలో పత్తి కట్టె పీకడం పదేళ్ల వయసు నుంచి తెలుసు. దానికి కమిటీ అక్కర్లేదు. ముందురోజు నేల తడపాలి, అంతే.

"మాబూబీ పిన్నీ, ఇవాళ సాయంత్రం త్రినాథన్న కాళ్ల దగ్గర ఎన్ని బకెట్లు పొయ్యగలవు?"

మాబూబీ ఆమె మొహం చూసింది, త్రినాథ్ కాళ్లు చూసింది. "నాలుగు పోస్తా. చాలదంటే అయిదు," అంది. ఎందుకని అడగలేదు.

శనివారం తలుపు తీయగానే శివపార్వతి చున్నీ నడుముకి చుట్టుకుని అరవై ఏడో కుర్చీ దగ్గర నేల మీద కూర్చుంది. గచ్చు బీటల్లోంచి తడిమట్టి వాసన వస్తోంది.

"వద్దమ్మా," అన్నాడు త్రినాథ్. "నొప్పెడుద్దేమో."

"నొప్పెడుద్ది. పళ్లు బిగపట్టు."

"సరిగ్గా రాయలేకపోతే?"

"ఫెయిలవుతావు. ఫెయిలయ్యేదానికి కూడా ముందు పోవాలిగా అన్నా!"

నిటారుగా లాగితే కట్టె మధ్యకి విరుగుతుంది, తల్లివేరు నేలలోనే ఉండిపోతుంది. మొదలు దగ్గర పట్టుకోవాలి. కుడికొకసారి, ఎడమకొకసారి ఊపి, మట్టి పట్టు వదిలిందని చేతికి తెలిశాక ఏటవాలుగా లాగాలి. నాన్న చెప్పినట్టే రెండు చీలమండలూ రెండు చేతులతో పట్టుకుంది. మాబూబీ వెనక నుంచి ఆమె నడుము పట్టుకుంది. కర్చీఫులు తీసుకుని సీట్లలో సర్దుకుంటున్న పిల్లలు తలలెత్తి చూసి, మళ్లీ పుస్తకాల్లోకి దించేశారు. శివనాగరాజు మాత్రం "అక్కా, అన్నని తీసేస్తే కరెంట్ అఫైర్స్ ఎవరు చెప్తారక్కా?" అన్నాడు.

"పేపర్ చదువుకో రా!"

మొదటి ఊపుకి త్రినాథ్ కెవ్వుమన్నాడు. రెండో ఊపుకి గచ్చు పలక లేచింది. మూడోసారి శివపార్వతి కళ్లు మూసుకుని, అర మార్కు తలుచుకుని లాగింది. చిటపటమని చిన్న వేళ్లు తెగాయి. తర్వాత మూరెడు తల్లివేరు నల్లమట్టితో సహా బయటికొచ్చింది. ముగ్గురూ వెల్లకిలా పడ్డారు. వేరు విరగలేదు.

త్రినాథ్ నిలబడ్డాడు. నిలబడి పక్కనున్న బీరువా పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. శివపార్వతి అతన్ని నడిపించుకుంటూ గేటు దాకా తీసుకెళ్లింది. నడవడం మర్చిపోయాడు మనిషి, ప్రతి అడుగుకీ కింద చూసుకుంటున్నాడు. గుంటూరు వెళ్లే ఆటో ఎక్కించి, హాల్ టికెట్టు చొక్కా జేబులో పెట్టి, "రేపు సెంటర్లో రెండున్నర గంటలే కూర్చో. ఎక్కువసేపు కూర్చోకు," అని మరీమరీ చెప్పింది.

పరుగున తిరిగొచ్చింది. చూస్తే ఏముంది? అరవై ఏడో కుర్చీ మీద పదకొండు కర్చీఫులు!

ఎవరికైనా ఏడుపొస్తుందా రాదా? నెత్తురు కారే చేతులతో పీకింది తను, కుర్చీ పట్టింది కర్చీఫులు. శివపార్వతి ఏడవలేదు. పదకొండింటినీ పోగేసి, మాబూబీ తుడిచే బకెట్లో వేసి, కుర్చీలో కూర్చుంది. "ఎవరివో వచ్చి ఉతుక్కోండి!" అంది హాలంతా వినపడేట్టు. ఎవరూ రాలేదు.

ఆ రోజు సాయంత్రం దాకా చదివింది. ఆదివారం లైబ్రరీ సెలవు. సోమవారం ఎనిమిదింటికి మళ్లీ వచ్చి కూర్చుంది. తొమ్మిదింటికి ఎదురుగా నీడ పడింది. త్రినాథ్. కాళ్లకి గుడ్డలు చుట్టుకుని, చేతి కర్ర సాయంతో నిలబడి ఉన్నాడు.

"రాశావా అన్నా?"

"రాశానమ్మా. బాగానే రాశా." మొహం వెలుగుతోంది. తర్వాత మెల్లిగా, "లేస్తావా మరి? నా సీటు," అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు. "ఎందుకు?"

"రిజల్ట్ వచ్చేదాకా కూర్చుంటానమ్మా. ఇంకెక్కడికి పోను? నాకు ఇంకేం తెలుసు?"

చుట్టూ ఉన్నవాళ్లు వెంటనే అతని పక్కకి చేరారు. "లెగక్కా, అది అన్న సీటే కదా." "పదహారేళ్ల నుంచి ఉన్నాడు పాపం." "అన్నా, మెయిన్స్ సిలబస్ గురించి ఒక డౌటు..." వీళ్ల జాలి ఎక్కడ పుట్టిందో ఆమెకి తెలుసు. గోపాలకృష్ణ గారు కూడా రిజిస్టర్ పట్టుకుని వచ్చారు. "అవునమ్మా, లెక్కలో ఒకటి తగ్గుతోంది. అతన్ని కూర్చోనిస్తే సరిపోతుంది."

శివపార్వతి బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుంది. ఇంకా నలభై రోజులు. లేస్తే మళ్లీ మెట్లే, మళ్లీ జరగమ్మా, మళ్లీ అర మార్కే. లేవకపోతే ఈ మనిషి ఎక్కడికి పోతాడు? ఇంకో కుర్చీ వెతుక్కుని అక్కడ పాతుకుంటాడు. పీకిన కట్టెని తెచ్చి మళ్లీ అదే గుంటలో పెట్టే రైతుని ఎక్కడైనా చూశామా? ఆ కోపంలో ఏమంటుందో ఆమెకే తెలియదు, ఇంతలో బల్ల మీద ఫోన్ గుర్రుమంది. ప్రేమదాసు గారు. ఒక్క రోజు కూడా వదలడు మహానుభావుడు.

ఆమె ఫోన్ వైపు చూసింది. త్రినాథ్ కాళ్ల వైపు చూసింది. ఫోన్ ఎత్తింది.

"ప్రేమదాసు గారూ, మీ స్కూల్లో నిజంగా ఒక్క కుర్చీ కూడా లేదు కదండీ?"

"లేదమ్మా, ఎన్నిసార్లు చెప్పను? నా గదిలో ఒకటుంది, అది నాది."

"పొద్దున నుంచి సాయంత్రం దాకా నిలబడే ఉండాలా?"

"ఎనిమిది పీరియడ్లు నిలబడాల్సిందే. రానంటే రానని చెప్పు, రోజూ ఈ తిప్పలెందుకు?"

"నేను రానండి. సోషల్ చెప్పేవాళ్లని పంపిస్తున్నా. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం మొత్తం నోటికొచ్చు. మాట్లాడండి," అని ఫోన్ త్రినాథ్ చేతిలో పెట్టింది.

త్రినాథ్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని బిత్తరపోయి చూశాడు. అవతల ఏదో అడిగారు. "పానిపట్టు యుద్ధాలు మూడండి," అన్నాడు. మళ్లీ ఏదో అడిగారు. "చెప్పలేదండీ ఎప్పుడూ... అడిగితే చెప్పడమే..." మళ్లీ. చాలాసేపు విన్నాడు. చివరికి "నిలబడతానండి," అన్నాడు.

మాబూబీ అతన్ని అద్దంకి బస్సెక్కించి వచ్చింది. గోపాలకృష్ణ గారు ఇంకా అక్కడే పెన్ను పట్టుకుని నిలబడి ఉన్నారు. "మరి రిజిస్టర్లో ఏం రాయమంటావు? నీ పేరు ఎక్కించనా?"

"ఎక్కించద్దు సార్. నేను నలభై రోజులే."

"అందరూ అలాగే అంటారమ్మా," అన్నారు ఆయన. పాపం, ఎగతాళిగా కూడా అనలేదు.

ఆ మాట ఆమెకి గుచ్చుకుంది. రోజూ సాయంత్రం అయిదింటికి మాబూబీ చీపురు పట్టుకుని వచ్చి "అమ్మాయ్, కాళ్లు చూసుకో," అనేది. శివపార్వతి చెప్పులు విప్పి చూసుకునేది. మొదటి వారం ఏమీ లేదు. రెండో వారం మడమ కింద దారప్పోగులాంటి తెల్లటి వేరొకటి కనిపించింది. కలుపు పీకినట్టు పీకి పారేసింది. ఆ తర్వాత రోజూ ఉండేవి, రెండో మూడో. ఒక సోమవారం బాగా చదువు సాగుతుంటే "రేపు చూసుకుంటాలే పిన్నీ," అంది. మంగళవారం పొద్దుటికల్లా ఎడమ మడమ కింద చిటికెనవేలంత లావున దిగింది. పీకితే రక్తం వచ్చింది. మళ్లీ ఎప్పుడూ రేపు అనలేదు.

పరీక్ష ముందురోజు మధ్యాహ్నానికే పుస్తకాలు సర్దేసింది. సెంటరు ఒంగోలు పడింది. ఇంకా చదవాల్సింది ఉంది, బాగానే ఉంది. సైకాలజీ ఒక రివిజన్ మిగిలింది. ఆ మాట మనసులో అనుకోగానే మడమ కింద చురుక్కుమంది. వంగి, మొదలు దగ్గర పట్టుకుని, అటూ ఇటూ ఊపి లాగేసింది. లేచి నిలబడింది.

వెళ్లేముందు త్రినాథ్‌కి ఫోన్ చేసింది. ఆ పొద్దునే గ్రూప్ టూ ఫలితాలొచ్చాయని లైబ్రరీ అంతా గోలగా ఉంది. పదో రింగుకి గానీ ఎత్తలేదు. వెనక నుంచి పిల్లల అరుపులు.

"అన్నా, రిజల్ట్ వచ్చిందంట! చూసుకున్నావా?"

"వచ్చిందా? చూడాలమ్మా," అన్నాడు త్రినాథ్. చేతిలో చాక్‌పీస్ ఉన్నట్టుంది, బోర్డు మీద గీస్తున్న చప్పుడు వినపడుతోంది. "సాయంత్రం చూస్తాలే. తొమ్మిదో తరగతి, పీరియడ్ మధ్యలో ఉన్నా. ఒరేయ్ కిటికీ దగ్గర వాడా, లేచి నిలబడరా!"